పూడ్చిన గండికి కావలి
(పుట్టపర్తిలో చేసిన స్మారకోపన్యాసము యొక్క ముద్రిత పాఠము)



ఎవరి స్మృతికై మనము ఈ సాయంకాలము కూడినామో ఆయన పేరు ఆహ్వానపత్రికలో లేకపోవుట చూచి మీలో కొందరు ఆశ్చర్యపడియుందురు. అది అచ్చుతప్పు కాదు. తన పేర సభలు పెట్టవలదని ఆయన బ్రతికియుండగనే శాసించినారు. సభ వలదన్న మాటను శిష్యులము మీరితిమి. పేరు వలదన్న మాటనైనను నిలుపుడని కుటుంబమువారు కోరగా అట్లే చేసితిమి. ఆయన ప్రాథమిక పాఠశాలోపాధ్యాయుడు, వైద్యశాస్త్రముతో ఏ సంబంధమును లేనివాడు. తన తరగతిలోని ఒక బాలికకు గుండె శస్త్రచికిత్స జరిగిననాటినుండి, చుట్టుప్రక్కల పల్లెలలో అట్టి పిల్లలెవరున్నను విచారించి, పాతబడిన యొక హాజరుపట్టీలో వారి పేర్లు వ్రాసికొని, హాజరు గుర్తులు వేయవలసిన గళ్లలో వారు మరల ఆసుపత్రికి పోవలసిన నెలలను ఎఱ్ఱసిరాతో గుర్తించెడివాడు. పేరు ప్రక్కన ఒక్క మాట: మొదటి పుటలలో అంతటను ‘కుట్టు’, కొన్ని పుటలు త్రిప్పినపిమ్మట అక్కడక్కడ ‘బటన్’. గడువు సమీపించగానే ఇంటికొక కార్డుముక్క పోవును: పాపను చూపించవలసిన నెల వచ్చినది, చార్జీలకు లేకున్న నన్ను కలియుడు, అని. ఆ పట్టీని నేను కన్నులార చూచితిని. నా యుపన్యాసమంతయు ఆ పట్టీకి వ్యాఖ్యానమే.

‘బటన్’ అనగా ఏమో ఈ సభలో అందఱకును విశదముగా నుండకపోవచ్చును. అది తెలియుటకు ముందు గుండెలోని చిల్లు సంగతి తెలియవలెను. తల్లిగర్భములోని శిశువు ఊపిరి పీల్చదు గనుక, దాని గుండెలోని రెండు పైగదులకు, అనగా కర్ణికలకు, నడుమనున్న గోడలో రక్తము దాటిపోవుటకు ఒక వాకిలి యుండును. పుట్టినపిదప అది మూసికొనవలెను. ఆ గోడయే సరిగా ఏర్పడక, నడిమిభాగమున నిజమైన లోపముండిపోయినచో దానిని వైద్యులు ఏ.ఎస్.డి. అందురు, మనవారు ‘గుండెకు చిల్లు’ అందురు. ఎడమగదిలోని శుభ్రరక్తము కొంత ఆ చిల్లుగుండ కుడిగదిలోనికి మరలి, ఊపిరితిత్తులకు రెండవసారి వ్యర్థప్రయాణము చేయును. చిత్రమేమనగా బాల్యమున ఈ బిడ్డలలో పెక్కుమందికి ఏ బాధయు తెలియదు, పరుగెత్తుదురు, చెట్లెక్కుదురు. కుడిభాగము మాత్రము అదనపు బరువును మోసిమోసి సాగిపోవుచుండును. ముప్పదియో నలుబదియో యేండ్లు వచ్చునప్పటికి ఆయాసము, లయ తప్పిన నాడి. కొందఱిలో ఊపిరితిత్తుల నాళములు బిరుసెక్కి, చిల్లును మూయుటయే అపాయకరమగు దశ.

చెరువుల దేశములో పుట్టినవారికి ఇది చెప్పుట కష్టము కాదు. మన బుక్కపట్నము చెరువు కట్టకు ఎండ్రకాయ బొక్క పడినదనుకొనుడు. ఆ యేడు పైరుకు లోపముండదు, పారుదల తఱుగదు, ఊరివారికి తెలియనే తెలియదు. కట్టమీద తిరుగు నీరుగంటికి మాత్రము కట్టక్రింద ఎండకాలమునను పచ్చగానున్న జానెడు గడ్డి కనబడును. గండి పడిననాడు ఊరంతయు గంపలతోను పారలతోను పరుగెత్తివచ్చును. పూడ్చిన మఱునాడు అందఱును ఇండ్లకు పోవుదురు. చిత్రావతి మరల పొంగి చెరువు మరువ పాఱునాడు ఆ పూడ్చినచోటనే నిలిచి పాతమన్నును కొత్తమన్నును కలిసినవో లేదోయని చూచువాడు నీరుగంటి యొక్కడే. పూడ్చుట ఒకనాటి పని, కావలి ఏండ్లతరబడి పని. మా వైద్యములో మొదటిదానికి కీర్తియు రెండవదానికి మఱపును దక్కినవి.

చరిత్ర చూడగా ఈ రెండు పనులకును ఒకే సంవత్సరము మైలురాయి. 1953 మే 6వ తేదీన ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్, తాను దాదాపు రెండు దశాబ్దములు శ్రమించి నిర్మించిన యంత్రమునకు గుండె పనిని ఊపిరితిత్తుల పనిని అప్పగించి, పదునెనిమిదేండ్ల యువతి గుండెను తెఱచి, సరిగా ఇట్టి చిల్లునే కుట్టి మూసెను. ఆ యేడే అక్టోబరు 29న స్వీడను దేశమందలి లుండు నగరములో ఇంగె ఎడ్లరు అను వైద్యుడును, హెల్ముట్ హెర్ట్జ్ అను భౌతికశాస్త్రజ్ఞుడును, శబ్దతరంగములను ఎదలోనికి పంపి, గుండెగోడల కదలికను ప్రతిధ్వనిగా తొలిసారి చిత్రించిరి. వారికి ఆధారమైన సాధనము ఆసుపత్రులలోనిది కాదు. లోహపుపలకలలో కంటికి కనబడని పగుళ్లను వెదకుటకు కర్మాగారములలో వాడెడి యంత్రము. హెర్ట్జ్ దానిని మొదట మాల్మో రేవులోని ఓడల కర్మాగారమున తన యెదకే ఆనించి చూచెనట. నేడు మనము చనువుగా ‘ఎకో’ అనుచున్నదానికి పూర్వరూపము ఓడపగుళ్లు చూచిన ఆ యంత్రమే.

ఎదను చీల్చకయే చిల్లును మూయవచ్చునన్న ఊహ ఇరువది రెండేండ్లకు కార్యరూపము దాల్చినది. 1975లో అమెరికాలోని న్యూ ఆర్లియన్సులో టెరీ కింగ్, నోయెల్ మిల్స్ అను వైద్యులు పదునేడేండ్ల బాలికకు తొడసిరగుండ సన్నని గొట్టమును గుండెలోనికి పోనిచ్చి, మడిచిన రెండు చిన్నగొడుగులను గోడకు ఇటొకటి అటొకటి విప్పి, ఒకదానికొకటి తగిలించిరి. ఇంతవరకు అన్ని గ్రంథములలోను కలదు. నాకు పూజ్యముగా తోచునది దాని తరువాతి కథ: పరికరము మోటుదై మూలబడినను, ఆ వైద్యులు తమ తొలిరోగులను మఱవక, పాతికేండ్లు దాటినపిమ్మట వారి స్థితిని విచారించి 2003లో ప్రకటించిరి. తాము పూడ్చిన గండికి తామే నీరుగంటులైరి.

ఈ కావలి ఎంత అక్కఱయో క్లామ్‌షెల్ అను పరికరము నేర్పినది. ఆల్చిప్పవలె రెండు రెక్కలు మూసికొనెడి ఆ పరికరమును బోస్టనులో జేమ్స్ లాక్ ప్రభృతులు 1980ల చివరి సంవత్సరములలో వాడుకలోనికి తెచ్చిరి. చిల్లులు మూసికొన్నవి, పిల్లలు ఇండ్లకు పోయిరి, ఎవరికిని నొప్పి లేదు. తరువాత తీసిన ఎక్స్‌రే పటములలో లోహపు చేతులు విఱిగియుండుట కనబడినది. గుండె నిమిషమునకు డెబ్బది యెనుబదిసార్లు కొట్టుకొనును, రోజుకు లక్షకు పైగా. ఏ తీగనైనను అన్నిమారులు వంచిన అలసిపోదా? 1991లో దానిని ఉపసంహరించిరి. రోగి చెప్పని సంగతిని పటము చెప్పినది. ఈ రంగమును నేను తలచికొనునప్పుడెల్ల నిలువుటద్దమువలె నిలుచు ఘట్టమిది.

అదే 1991 మన ఊరికి వేఱుకారణమున స్మరణీయము. సరిగా ఒక్క యేడాదిలో కట్టెదమని 1990 నవంబరులో ప్రకటింపబడిన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్యవిజ్ఞాన సంస్థను, ప్రశాంతిగ్రామములో, 1991 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారు ప్రారంభించిరి. కీత్ క్రిచ్‌లో అను ఆంగ్ల వాస్తుశిల్పి రూపించిన ఆ గుమ్మటములను బస్సు కిటికీలోనుండి చూచి అది ఏ మహారాజు కోటయోయని భ్రమించిన మా పల్లెవారిని నేనెఱుగుదును. లోపల డబ్బుకట్టు కిటికీ లేదన్నది వారికి అంతకన్న నమ్మశక్యము కాని వింత. వేరుసెనగ తప్ప వేఱుపంట యెఱుగని, ఆ పంటయు వానదేవుని దయపై నిలిచిన ఈ మెట్టసీమలో, గుండె కోతయనిన పొలము కోతయని అర్థము. పొలమమ్మక గుండె బాగుచేయించుకొనవచ్చునని తెలిసిననాడు మాష్టరుగారి పట్టీలో పేర్లు పెరిగినవి.

ఆ తొలినాళ్లవన్నియు కుట్లే. బటన్లయుగమునకు ద్వారము తెఱచినవాడు ఆస్ట్రియాలో పుట్టి మినసోటాలో స్థిరపడిన కుర్ట్ ఆంప్లాట్జ్. శస్త్రవైద్యుడు కాడు, జీవితమంతయు చిత్రములు చూచిన రేడియాలజిస్టు. నికెలు టైటానియముల మిశ్రమమైన నిటినాల్ తీగకు తన రూపమును జ్ఞాపకముంచుకొను గుణము కలదు. సాగదీసి గొట్టములోనికి ఎక్కించినను, బయటపడగానే నేర్పిన రూపమునకు వచ్చును. ఆ తీగలతో రెండు బిళ్లలుగా, నడుమ సన్నని నడుముతో అల్లి, లోపల పాలియెస్టరు గుడ్డ కుట్టిన పరికరమును 1995లో బ్రాటిస్లావాలో తొలుత మనుష్యులకు అమర్చిరి. అమెరికా ప్రభుత్వము 2001 డిసెంబరులో అనుమతించినది. చొక్కాకు బొత్తామువలె గోడనడుమ ఇముడును గనుక మన జనులు దానికి ‘బటన్’ అని పేరుపెట్టిరి. పండితులు పెట్టిన యే పేరును దీనికి సాటిరాదని నా యభిప్రాయము.

మూడునుండి ఆఱునెలలలో గుండె తన లోపలిపొరను ఆ బిళ్లలమీద కప్పి వానిని తనలో కలుపుకొనును. ఆ పొర నిండువఱకు రక్తము గడ్డకట్టకుండుటకు ఆఱునెలలు ఆస్పిరిను. ఆ ఆఱునెలలే, పంటి చికిత్సకు ముందు సూక్ష్మజీవులనుండి రక్షణకై మందు. ఇక్కడితో కథ ముగిసినదని తలిదండ్రులే కాదు, కొందఱు వైద్యులును భావింతురు. 2004లో అమెరికాలో అమీన్ అను వైద్యుడును సహచరులును, ఈ బటన్ గుండెగోడను ఒరసి ఒరసి కోసిన ఇరువదియెనిమిది ఉదంతములను ప్రకటించిరి. బృహద్ధమని వైపున చిల్లు అంచు కొఱవడినవారు, చిల్లుకు మించిన పెద్ద బటన్ పెట్టబడినవారు అందు ఎక్కువ. అట్టి ఆపద వేయిమందిలో ఒకరికో ముగ్గురికో మించదు. పెక్కు మొదటి మూడుదినములలోనే బయటపడును. కాని కొన్ని ఏండ్లు గడచిన పిమ్మట వచ్చినవి.

కనుకనే నియమములు: మఱునాడు, వారమునకు, నెలకు, ఆఱునెలలకు, ఏడాదికి ఎకో. ఐరోపా హృద్రోగవైద్యుల సంఘము చెప్పునది, మొదటి రెండేండ్లు క్రమముగా, ఆపైన పరిస్థితినిబట్టి మూడునుండి ఐదేండ్లకొకసారి. ఎంతకాలమని అడిగినవారికి అంతము చెప్పలేదు. క్రింది గదుల నడుమ చిల్లుకు బటన్ వేసినవారికి ఎకోతోబాటు ఇ.సి.జి.ని మఱవరాదు, ఏలయన గుండెలోని విద్యుత్తు తీగ ఆ యంచువెంటనే పోవును, ఏండ్లకు గూడ అది తెగవచ్చును. ధమనుల నడుమ నాళమును మూసినవారికి ప్రక్క ధమనులు ఇఱుకుపడకుండుట చూడవలెను. ఇవి వేఱు ఉపన్యాసమునకు తగిన విషయములు.

ఎకోగదిలోనికి ఒకసారి రండు. దీపము తగ్గింపబడియుండును. పదేండ్ల పిల్ల బల్లపై మోకాళ్లు మడచి పడుకొనియుండును, కడుపు మెత్తబడుటకు. జెల్లీ చల్లదనమునకు ఉలికిపడి నవ్వును. ఱొమ్మెముక క్రింద పరికరమును ఆనించి పైకి తిప్పగా, బూడిదరంగు మబ్బులలో రెండు తెల్లని గీతలు, కొత్త చేటయంచులవలె మెఱయుచు, నడుమ సందుతో కనబడును, అదే బటన్. బిళ్లలు గోడకు సమముగ నున్నవా, ఒకటి పైకి లేచినదా? రంగు మీటను నొక్కినచో ప్రక్కనుండి ఎఱ్ఱని చాఱ యేదైన దాటుచున్నదా? బృహద్ధమని కంఠమును బటన్ అంచు నొక్కుచున్నదా? ద్విపత్రకవాటపు ఱేకు కదలినప్పుడు దానిని తాకుచున్నదా? గుండెసంచిలో నీరు చేరినదా? బటన్‌పై గడ్డ యేమైన వ్రేలాడుచున్నదా? కుడిజఠరిక క్రుంగి తన కొలతకు వచ్చినదా? లోహము తన వెనుక నీడ పఱచును గనుక ఒక్క కోణము చాలదు. ప్రక్కకు ఒత్తిగిలి పడుకొమ్మని, మెడగుంటనుండి, ఱొమ్ము ప్రక్కనుండి మరల చూడవలెను. పిల్ల పెరుగును, గుండె పెరుగును, బటన్ పెరుగదు. పది యేండ్లనాడు దూరముగానున్నవి నేడు దగ్గఱైనవా యని తేల్చుటకు నాటి కొలత కావలెను. పాతచిత్రము లేనిచో కొత్తచిత్రము సగము మూగది.

ఆ పాతచిత్రమే మన సీమలో దొఱకనిది. దూరనగరమందలి ఒక ఆసుపత్రినుండి వచ్చిన కాగితమును ఒకనాడు నేను తెఱచి చూడగా, బటన్ వేసితిమి, బాగున్నది, అని రెండు మాటలు తప్ప ఏ సంస్థ బటనో, ఎన్ని మిల్లీమీటర్లదో లేదు. వేఱొక యువకునికి, లోపల లోహమున్నది గనుక జన్మలో ఎం.ఆర్.ఐ. తీయరాదని ఎవరో చెప్పిరట. అతడు నడుమునొప్పితో రెండేండ్లు బాధపడెను. నిటినాల్ బటన్లు గలవారికి నియమములకు లోబడి ఎం.ఆర్.ఐ. తీయవచ్చును; బటన్ పేరు తెలియవలెను, అంతే. ఆస్తిపత్రమును బీరువాలో దాచు మనము ఆ చీటీని వేరుసెనగ బస్తామీద పాఱవేయుదుము.

రాకపోవుటకు కారణములు అందఱికిని తెలిసినవే. వాన తప్పిన యేడు సగము ఊరు బెంగుళూరులో కట్టడపు పనులకో, కేరళకో పోవును. ఉత్తరము తలుపుసందులో పడియుండును. చికిత్స ఉచితమే, ఆనాటి కూలి ఉచితము కాదు. వీనికన్న బలవత్తరమైనది, పాప బాగుండుట. ఒక అవ్వ నన్ను నిలదీసినది: “పిల్ల ఎగురుతాండాది, దుముకుతాండాది, ఇంగ ఏమిటికి సామీ రావల్ల?” ఆ ప్రశ్నకు నాయొద్ద మంచి సమాధానము లేకపోయెను. క్లామ్‌షెల్ కథ ఆమెకు చెప్పలేను గదా! “కట్ట మీద గడ్డి చూడనీకి, అవ్వా” అన్నాను. ఆమె నవ్వి, మరుసటి యేడు వచ్చినది.

ఇంకొక కారణము గలదు; సభలలో దానిని చెప్పరు. ఆడపిల్లకు సంబంధము చూచునాడు ఫైలు అటకెక్కును. గుండెకు చిల్లు ఉండెనని తెలిసిన పెండ్లి తప్పిపోవునని తండ్రి భయము. అది నిరాధారమైన భయమని నేననను. పెండ్లియైన పిమ్మట ఆమె అత్తవారియూరి మనిషి; రివ్యూ అను మాటయే ఆ యింట పుట్టదు. మాష్టరుగారి పట్టీలో ఇట్టి పేర్లయెదుట ఎఱ్ఱగుర్తులు హఠాత్తుగా ఆగిపోవును. కార్డులు కూడ ఆపివేసినాడు, ఉత్తరము పోయి అత్తవారి చేతికి చిక్కునని. ఆయన తన జీవితములో ఓడినది ఈ ఒక్కచోటనే యని నాతో చెప్పినాడు.

రెండేండ్ల క్రిందట ఒక ఇరువదిమూడేండ్ల యువతి, అయిదవనెల గర్భిణి, నా ఎకోగదికి వచ్చినది. ప్రసూతివైద్యురాలు గుండెశబ్దము విని, ఎందుకైన మంచిదని పరీక్షకు పంపినది. చీటీలో చిల్లు మాట లేదు, బటన్ మాట లేదు. అత్తగారు వెంట వచ్చి బల్లప్రక్కన నిలిచినది. జెల్లీ పూసి చూడగానే రెండు తెల్లని గీతలు. గోడకు సమముగ, చుక్క కాఱక, బృహద్ధమనికి ఎడముగ, కుడిజఠరిక తన కొలతలో. ఇట్లు మూసికొన్న గుండెలు కాన్పును చక్కగా తట్టుకొనును. వైద్యునిగా నాకు చెప్పవలసినది శుభవార్తయే. అయినను నోరు మెదపలేదు. ఆ పిల్ల నా ముఖమునే చూచుచుండెను. తొమ్మిదేండ్ల వయసున ఇదే బల్లమీద మోకాళ్లు మడచి పడుకొన్న పిల్ల యని అప్పటికి పోల్చుకొంటిని.

“అది ఏంది సార్, తెల్లగా మెరుస్తాండాది?” అని అత్తగారు అడిగెను.

నేను రంగుమీటను ఆపి, పరికరమును ఎత్తక అట్లే పట్టుకొని, పిల్లవైపు తిరిగితిని. గదిలో యంత్రపు ఫ్యాను చప్పుడు తప్ప వేఱు లేదు.

“నా బటన్, అత్తా. చిన్నప్పుడు వేసినారు,” అని ఆమె మెల్లగా అన్నది.

అత్తగారు కొంగు నోటికి అడ్డము పెట్టుకొని, ఇంకను ముందుకు వంగి తెరవైపు చూచెను. “ఎన్నాళ్లకొకసారి చూపిచ్చుకోవల్ల సార్?” అని అడిగెను.